గూటియొద్ద కెమెరా

పెరటి దానిమ్మచెట్టులో పిగిలిపిట్ట గూడు పెట్టినదని తెలియగానే కెమెరాలు బయటికి వచ్చుట ఈ దినములలో వాడుకయైపోయినది. జేబులో ఫోనున్న ప్రతివాడును ఛాయాచిత్రకారుడే. పిట్టలను చూచి ముచ్చటపడుట మంచిదే. ఉండేలు పట్టవలసిన చేతులు కెమెరా పట్టినచో ఎవరైనను సంతోషింపవలసినదే. కాని కెమెరా కూడ పిట్టకు కీడు చేయగలదన్న మాట చాలమందికి తోచదు.

చిత్రము తీయువారు గూటినే ఏల వెదకుదురు? చెట్లలో తిరుగు చిన్నపిట్ట ఒక్కచోట నిలువదు. తేనెపిట్ట తూకము ఇంచుమించు పది గ్రాములు మాత్రమే. అది మందారముపై వాలి, ముక్కు ముంచి, ఱెప్పపాటులో ఎగిరిపోవును. దాని చిత్రము తీయుటకు ఎంతో ఓర్పు కావలెను. గూటియొద్ద ఆ శ్రమ లేదు. పిల్లలకు మేత తెచ్చుటకు తల్లి మాటిమాటికి అక్కడికే రావలెను గదా! పిట్ట విడిచి పోజాలని చోటు చూచి గురిపెట్టుటయే గూటి చిత్రము. ముక్కున పురుగుతో వాలిన తల్లిని, నోళ్లు తెరచిన పిల్లలను చూచి జనులు చిత్రకారుని మెచ్చుకొందురు. నిజమునకు అన్ని చిత్రములలోను ఇదియే సులువైనది. అంత మెప్పునకు ఇది తగదు.

పిగిలిపిట్ట సాధారణముగా రెండు మూడు గ్రుడ్లు పెట్టి సుమారు రెండు వారములు పొదుగును. పుట్టిన పిల్లలకు ఒంటిపై ఈకలుండవు, కన్నులు తెరచుకొనియుండవు. తల్లి ఱెక్కలే వాటికి నీడ. మనిషి దగ్గర నిలిచియున్నంతసేపు తల్లి గూటికి రాక, ఎడముగానున్న కొమ్మపై కూర్చుండి అరచుచుండును. తెలియనివాడు ఆ అరపును పాట యనుకొనును! అంతలో పిల్లలపై ఎండ పడును. వెలుతురు చాలదని అడ్డమున్న ఆకులను కోసినచో ఇక చెప్పనక్కరలేదు. కాకికిని జెముడుకాకికిని గూడు కనబడకుండ కాచినవి ఆ ఆకులే. చిత్రకారుడు ఇల్లు చేరి తన చిత్రమును నలుగురికి చూపుచుండగా కాకి వచ్చి గూటిలోనికి తొంగిచూచును. దర్జీపిట్ట సంగతి మఱింత సున్నితమైనది. అది చెట్టుననున్న పచ్చియాకుల అంచులను చేర్చి, ప్రత్తిపీచుతోను సాలెపట్టు పోగులతోను కుట్టి, ఆ సంచిలో గూడు పెట్టును. ఆ ఆకులను కదల్చినచో దాని యింటిగోడలు పడగొట్టినట్లే.

పెద్దలే గూళ్లను చిత్రించిరి గదా యని కొందఱు వాదింతురు. నిజమే. ఇంగ్లండులో రిచర్డ్ కీర్టన్, చెర్రీ కీర్టన్ అను సోదరులు 1892లో గ్రుడ్లున్న గూటిని ఛాయాచిత్రము తీసిరి. పక్షిగూళ్లను గూర్చి 1895లో వారు వెలువరించిన గ్రంథమున బొమ్మలన్నియు కెమెరాతో తీసినవే. పిట్టలు బెదరకుండుటకై కొయ్యచట్రముపై ఎద్దుతోలు కప్పి, ఆ బోలు ఎద్దు కడుపులో దాగి చిత్రములు తీసిరి! ఆ ఓపికకు నమస్కరింపవలసినదే. కాని ఆనాటి కెమెరా గాజుపలకలతో పనిచేయు బరువైన పెట్టె. చిన్నపిట్టకు మిక్కిలి దగ్గరగా నిలిపిననే గాని చిత్రము స్పష్టముగా పడెడిది కాదు. నేడు 400, 600 మిల్లీమీటర్ల లెన్సులు దొరకుచున్నవి. చాల దూరమునుండియే ఈకఈకను చూపవచ్చును. కీర్టన్ సోదరులకున్న అవసరము నేటివారికి లేదు. ఇంకను వారి పేరు చెప్పుకొనుట వట్టి సాకు. పైగా మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవిపక్షుల గ్రుడ్లకును గూళ్లకును అలజడి కలిగించుటను వేట క్రిందనే లెక్కించినది.

ఫోనులో మగపిట్ట కూత వినిపించి పిట్టను పిలుచువారును కలరు. తన చోటికి పోటీదారు వచ్చెనని నమ్మి అసలు పిట్ట మేత మాని, లేని శత్రువునకై కొమ్మకొమ్మ వెదకును. ఒకమారైన కీడు స్వల్పమే కావచ్చును. గూడు పెట్టు కాలమున ఒకరి తరువాత నొకరు వచ్చి అదే పని చేసినచో, పిట్ట ప్రొద్దంతయు పోరాటమునకే సరిపోవును.

మఱి పెరటిలో చిత్రము తీయుట ఎట్లు? వేసవిలో నీడపట్టున ఒక మట్టిమూకుడు ఉంచి రెండంగుళముల నీరు పోయవలెను. ప్రక్కన ఒక ఎండుకొమ్మ నాటవలెను. పిల్లి దాగుటకు వీలైన పొద దగ్గరలో ఉండరాదు. నీరు ప్రతిదినము మార్చవలెను, లేనిచో దోమలు పెరుగును. కిటికీకి పాతచీర కట్టి, లెన్సు పట్టునంత సందు విడిచి, దాని వెనుక కదలక కూర్చుండవలెను. ఉదయపు టెండ వెనుకనుండి పడుట మేలు. కెమెరా పిట్ట కంటి యెత్తున నుండవలెను, పైనుండి తీసిన పిట్ట మట్టిగడ్డవలె కనబడును. మూడు దినములు కాకులు తప్ప ఏమియు రాకపోవచ్చును. నాల్గవనాడో ఐదవనాడో పిగిలిపిట్ట వచ్చి మూకుటి యంచున వాలి, ఇటునటు చూచి, నీటిలో దిగును. అది ఱెక్కలు విదిలించునపుడు లేచు నీటిబొట్లను పట్టుటకు సెకనులో వేయవవంతు చాలును.