తేదీలు నమ్మి విత్తనం ఆపకండి



ఫలానా నెలలో ప్రభువు రాకడ ఖాయం, సంఘం ఎత్తబడుతుంది అంటూ వీడియోలు ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. యుద్ధం వస్తే ఒక తేదీ, గ్రహణం పడితే ఇంకో తేదీ. అవి చూసి "ఇంక ఈ పొలం ఎందుకు, పిల్లల చదువులెందుకు" అనేవాళ్లూ ఉన్నారు. అందుకే రాస్తున్నా. రాకడను నేనూ నమ్ముతాను. చనిపోయిన విశ్వాసులు తిరిగి లేస్తారనీ నమ్ముతాను. తేదీని మాత్రం నమ్మను.

ఇది కొత్త కథ కాదు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో విలియం మిల్లర్ అనే ఆయన మనలాంటి రైతే. దానియేలు గ్రంథంలోని 2300 దినాలను సంవత్సరాలుగా లెక్కగట్టి, 1843 ప్రాంతంలో క్రీస్తు వస్తాడని బోధించాడు. ఆ గడువు దాటిపోయింది. ఆయన వెంట ఉన్నవాళ్లు మళ్లీ లెక్కేసి 1844 అక్టోబర్ 22 అన్నారు. అది అక్కడ పంట ఇంటికి చేర్చుకునే కాలం. కొందరు చేలు కోయకుండా, బంగాళాదుంపలు తవ్వకుండా వదిలేసి ఎదురుచూశారు. తెల్లారింది, ఏమీ జరగలేదు. మొన్న 2011లో హెరాల్డ్ క్యాంపింగ్ అనే రేడియో బోధకుడు మే 21 అన్నాడు, అది తప్పితే అక్టోబర్ 21 అన్నాడు. రెండూ పోయాయి. ఆయన్ని నమ్మి, దాచుకున్న డబ్బంతా ప్రచారానికి పెట్టినవాళ్లున్నారు.

ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని యేసయ్యే చెప్పాడు. మత్తయి 24 చూడండి. మరి యూట్యూబ్‌లో మాట్లాడేవాళ్లకి ఎలా తెలిసిందో!

థెస్సలొనీక సంఘంవాళ్లకి ఒక బాధ ఉండేది. మనవాళ్లు ముందే చనిపోయారే, రాకడప్పుడు వాళ్ల సంగతేంటి అని. క్రీస్తులో నిద్రించినవాళ్లే ముందు లేస్తారని పౌలు వాళ్లకి రాశాడు. భయపెట్టడానికి కాదు, ఏడ్చేవాళ్లను ఓదార్చడానికి. అదే సంఘానికి రాసిన రెండో పత్రికలో, పని చెయ్యకుండా తిరిగేవాళ్లను గట్టిగానే మందలించాడు.

పునరుత్థానం అంటే ఏంటో చెప్పడానికి 1 కొరింథీ 15లో పౌలు చూపించింది మన గింజనే. మట్టిలో వేసిన గింజ ఆ రూపంలో ఉండదు, దేవుడు దానికి కొత్త శరీరం ఇస్తాడు. ఇంత చెప్పి, చివర్లో మీ కష్టం వృథా పోదు అని ముగించాడు.

యాకోబు అయితే, రాకడ కోసం ఎలా కనిపెట్టాలో రైతును చూసి నేర్చుకోమన్నాడు. తొలకరి కోసం చూసే రైతు చేతులు కట్టుకుని కూర్చోడు కదా. దుక్కి దున్నుతాడు, గట్లు సరిచేస్తాడు, విత్తనం చూసుకుంటాడు. వాన ఏ రోజు పడుతుందో తెలీదు, పడేసరికి చేను సిద్ధంగా ఉండాలి. సిద్ధపాటు అంటే అంతే.

ఎవరైనా తేదీ చెప్పి, పొలం అమ్మి కానుక వెయ్యమంటే ఒక్కటే అడగండి: "అయ్యా, లోకమే అయిపోతుంటే ఆ డబ్బు మీకెందుకు?"

ఇంకో మాట. యాకోబు 5వ అధ్యాయంలో రైతు ఓపిక గురించి చెప్పడానికి ముందే, చేను కోసినవాళ్ల కూలి ఎగ్గొట్టినవాళ్లకి హెచ్చరిక ఉంది. ఆ కూలి మొరపెడుతోందని రాశాడు. రాకడకు సిద్ధపడాలనుకుంటే ముందు మన దగ్గర ఆగిపోయిన కూలి డబ్బులు ఇచ్చేద్దాం. దానికి ఏ తేదీ అక్కర్లేదు, ఈ సాయంత్రమే ఇవ్వొచ్చు.