వెయ్యి వాట్లా? ఫ్యూజునడగండి!

కొత్త కారుకి సీటు కవర్లు, ఫ్లోర్ మ్యాట్లు అయిపోయాయంటే చూపు పాటల మీదికి మళ్లుతుంది. షాపులో వరసగా యాంప్లిఫయర్లు. ఒకదాని మీద 500 వాట్లు, పక్కదాని మీద 1000, ఆ పక్కదాని మీద ఏకంగా 2000. తీరా ధర చూస్తే 300 వాట్లదే ఎక్కువ! ‘వాట్లు తక్కువ, రేటు ఎక్కువా?’ అనుకుని వెయ్యి వాట్లది పట్టుకొచ్చేశారో... పప్పులో కాలేసినట్టే.

కిటుకంతా అంకె పక్కనుండే చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆర్ఎంఎస్ అని ఉంటే, ఆగకుండా పాడుతున్నంతసేపూ ఇవ్వగలిగే శక్తి అన్నమాట. ‘పీక్’, ‘మ్యాక్స్’ అని ఉంటే రెప్పపాటు కాలం తాకగల గరిష్ఠం. ఇక పీఎంపీవో సంగతి చెప్పనే అక్కర్లేదు. చిన్నపాటి టేప్‌రికార్డర్ల మీద కూడా వందల వాట్లు రాయించిన ఘనత దానిది. దానికో కొలత లేదు, ఎవరి లెక్క వాళ్లదే.

డ్యాష్‌బోర్డులో ఉండే స్టీరియోనే చూడండి. చాలావాటి మీద ‘50 వాట్లు × 4’ అని కనిపిస్తుంది. ఈ 50 ఎక్కణ్నుంచి వచ్చింది? ఇంజిను నడుస్తున్నప్పుడు కారులో ఉండేది సుమారు 14.4 వోల్టులు. దాన్ని దాంతోనే హెచ్చించి, స్పీకరు నిరోధమైన 4 ఓమ్‌లతో భాగిస్తే 51.84. అదీ సంగతి! కానీ పాట అలల్లా లేస్తూ పడుతూ ఉంటుంది కాబట్టి నికరంగా అందేది అందులో సగం. లోపలి నష్టాలు పోగా మిగిలేది 20 వాట్లు, కాస్త అటూ ఇటూ. స్టీరియోలోంచి అంతకు మించి పిండలేం. విడిగా యాంప్లిఫయర్ కొనేది అందుకే. అందులో వోల్టేజిని పెంచే సర్క్యూట్ ఉంటుంది.

మరి ఆ యాంప్లిఫయర్ మీది అంకె నిజమో కాదో తేల్చేదెలా? చాలావాటికి వైర్లు బిగించే చోటే ఫ్యూజు ఉంటుంది. దాని మీది ఆంపియర్లను 14.4తో హెచ్చించండి. వెయ్యి వాట్ల డబ్బాకి 25 ఆంపియర్ల ఫ్యూజు ఉందనుకుందాం. అది బ్యాటరీ నుంచి నిలకడగా లాగగలిగేది 360 వాట్లే. అందులోనూ కొంత వేడి రూపంలో పోతుంది. పాత తరహా ఏబీ క్లాసుదైతే స్పీకర్లకు చేరేది సగం, మహా అయితే అరవై శాతం. డి క్లాసుదైతే ఎనభై శాతం దాకా రావచ్చు. అంటే దేన్ని తీసుకున్నా మూడొందలు దాటదు. 360 తీసుకుని వెయ్యి ఇవ్వడానికి అదేమైనా అక్షయపాత్రా?

ఈ గోల ఇప్పటిది కాదు. అమెరికాలో ఇంట్లో వాడే యాంప్లిఫయర్ల వాట్ల ప్రకటనలపై 1974లోనే ప్రభుత్వ నిబంధన వచ్చింది. కారువి దాని పరిధిలోకి రాలేదు. చివరికి 2003లో అక్కడి కంపెనీల సంఘమే ఒక ప్రమాణం తెచ్చింది. పేరు సీఈఏ-2006 (పేరులో ఆ అంకె ఉన్నా అది వచ్చిన సంవత్సరం కాదు). 14.4 వోల్టులు, 4 ఓమ్‌లు, ఒక శాతం మించని డిస్టార్షన్... ఈ షరతుల మీద కొలిచిన ఆర్ఎంఎస్ వాట్లే రాయాలి. ఇప్పుడు దాన్ని సీటీఏ-2006 అంటున్నారు. పాటించడం కంపెనీ ఇష్టం. పెట్టె మీద ఆ గుర్తుంటే అంకెను నమ్మొచ్చు. లేకపోతే ఎన్ని ఓమ్‌ల దగ్గర కొలిచారో అడగాల్సిందే. 2 ఓమ్‌ల దగ్గర పెద్దగా కనిపించిన అంకె 4 ఓమ్‌ల స్పీకరు తగిలిస్తే బాగా తగ్గిపోతుంది.

వాట్లు రెట్టింపైతే మోత రెట్టింపవుతుందనుకోవడం ఇంకో భ్రమ. పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు అనిపించాలంటే సుమారు పదిరెట్ల శక్తి కావాలి. యాభైకీ డెబ్భైకీ తేడా చెవికి అంతంతమాత్రమే.

అంకె అబద్ధమైతే పోయేది డబ్బొక్కటే కాదు. శక్తి చాలని యాంప్లిఫయర్‌ని ఫుల్ వాల్యూమ్‌లో పెడితే అలల కొనలు తెగిపోయి, ఆ గరగరకి ముందు ట్వీటర్లు కాలిపోతాయి. నింద మాత్రం స్పీకరు మీద పడుతుంది! నిజంగానే ఎక్కువ వాట్లదైతే ఇంకో జాగ్రత్త అవసరం. బ్యాటరీ నుంచి వచ్చే తీగ అంత కరెంటుకీ సరిపడా లావుండాలి. ఆ తీగకి విడిగా మరో ఫ్యూజు, బ్యాటరీకి అడుగున్నర దూరం లోపే వేయించాలి. అది మాటిమాటికీ పోతోందని పెద్దది వేయించుకుంటే ఫ్యూజుకు బదులు తీగే కాలుతుంది.