సముద్రానికి 1/70 ఏదీ?

మొగల్తూరు అంటే ఎవరికైనా ముందు ఇద్దరు హీరోలు గుర్తొస్తారు. కృష్ణంరాజు ఊరు, చిరంజీవి ఊరు. కాస్త చరిత్ర తెలిసినవాళ్లు కలిదిండి రాజుల సంస్థానం అంటారు. ఆదివారం సరదాగా పోయేవాళ్లకి పేరుపాలెం బీచ్. తప్పేం లేదు. కానీ 2017 మార్చి 30న ఇదే మొగల్తూరు మండలం నల్లంవారి తోటలో, ఒక రొయ్యల ఫ్యాక్టరీ వ్యర్థాల ట్యాంకు కడగడానికి దిగిన ఐదుగురు కూలీలు ప్రాణాలతో పైకి రాలేదు. వాళ్లలో ఒక్కరి పేరైనా మీకు గుర్తుందా? నాకూ గుర్తులేదు. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను.

కొండ మీది తమ్ముళ్లు అడుగుతారు: "అన్నా, మొగల్తూరు గొడవ మనకెందుకు? అక్కడ గూడేల్లేవు, పోడు లేదు, అది ఏజెన్సీ కూడా కాదు." న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్తా, ఓపిగ్గా వినండి.

2022 ఏప్రిల్ 4 దాకా పోలవరం, బుట్టాయగూడెం, మొగల్తూరు ఒకే జిల్లా. ఆ రోజు గీత గీశారు. ఏజెన్సీ ఏలూరు జిల్లాలోకి పోయింది, సముద్రపొడ్డు భీమవరం కేంద్రంగా పశ్చిమ గోదావరిలో మిగిలింది. కలెక్టర్లు ఇద్దరయ్యారు గానీ గోదావరి రెండు కాలేదు. పైన కోయ, కొండరెడ్డి ఊళ్లని ముంచుతున్న నదే కింద నరసాపురం దాటి సముద్రంలో కలుస్తుంది. పైన ఉన్నోడిని అభివృద్ధి కోసం లేచిపొమ్మన్నారు. కింద ఉన్నోడిని లేచిపొమ్మని ఎవరూ అనలేదు. చుట్టూ ఉప్పునీళ్లు పెట్టారు, అంతే.

ఆ ఉప్పునీళ్లు ఎలా వస్తాయో తెలుసుకోవాలి. ఊళ్లో ముందు ఒకాయన వరి చేను తవ్వి రొయ్యల చెరువు చేస్తాడు. గట్టు కింద నుంచి ఉప్పు ఊట పక్క చేలోకి దిగుతుంది. ఆ రైతు ఒక పంట చూస్తాడు, రెండో పంట చూస్తాడు. ఇక పండదని తెలిశాక తనూ లీజుకిచ్చేస్తాడు. నాలుగేళ్లు తిరిగేసరికి ఆ తూము కింద చేలన్నీ చెరువులే. ఊడుపులు, కలుపులు, కోతలు పోయాయి. ఎకరం వరికి ఎంతమంది కూలీలు కావాలి, ఎకరం చెరువుకి ఎంతమంది కావాలి? లెక్క మీరే వేసుకోండి. మగాళ్లు వలస, ఆడాళ్లు రొయ్యల షెడ్లలో తలలు తీసే పని. బావి నీళ్లు ఉప్పగా మారితే తాగే నీళ్లు క్యాన్లలో కొనుక్కోవాలి. రొయ్య అమెరికా పోతుంది, డాలరు పెట్టుబడిదారుడికి పోతుంది, ఉప్పు మాత్రం ఊళ్లోనే ఉంటుంది.

"అక్కడ ఆదివాసులు లేరు కదా" అనేవాళ్లకి ఇంకో మాట. ఆదివాసీ అంటే కొండే అని మనకి నూరిపోశారు. ఆంధ్రప్రదేశ్‌లో సంఖ్యలో పెద్ద గిరిజన తెగల్లో యానాదులు ఒకరు. వాళ్ల బతుకు వాగు, ఏరు, చెరువు, సముద్రపొడ్డు. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం కట్టినప్పుడు దీవి నుంచి కదిలించింది యానాదుల్నే. ఇవాళ కోస్తా జిల్లాల్లో ఎన్నో యానాది కుటుంబాలు వేరేవాళ్ల రొయ్యల చెరువు గట్ల మీద కాపలా పాకల్లో ఉంటున్నాయి. ఆ గట్టు వాళ్లది కాదు, ఆ పాక వాళ్లది కాదు. షెడ్యూల్డు ప్రాంతం కాదు కాబట్టి వాళ్లకి 1/70 వర్తించదు, పెసా వర్తించదు. అటవీ హక్కుల చట్టం 2006లో నీటి వనరుల్లోని చేపల మీద సామూహిక హక్కు రాశారు, నిజమే. కానీ అది అటవీ భూమికే. సముద్రం అటవీ శాఖ రిజిస్టర్లో లేదు. అంటే ఎస్టీ అయ్యుండి కూడా మన చట్టాల్లో ఒక్కటీ నేల మీద ఆదుకోని మనుషులు వాళ్లు. మనం మీటింగుల్లో వాళ్ల పేరు ఎన్నిసార్లు తలుచుకున్నాం?

చట్టాల సంగతి వచ్చింది కాబట్టి రెండు తీర్పులు పక్కపక్కన పెట్టి చూడండి. 1997 జూలైలో వచ్చిన సమత తీర్పు మనకందరికీ తెలుసు. ఏజెన్సీలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకి గనుల కోసం లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. దానికి ఏడు నెలల ముందు, 1996 డిసెంబర్ 11న, అదే కోర్టు తీరప్రాంతానికి కూడా తీర్పిచ్చింది. తమిళనాడు గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన కేసది. తీర నియంత్రణ మండలిలో రొయ్యల చెరువులు ఉండకూడదు, ఉన్నవాటిని 1997 మార్చి 31లోగా తీసేయాలి, పంటభూములు, ఉప్పు మడులు, మడ అడవులు చెరువులుగా మార్చకూడదు అని స్పష్టంగా చెప్పింది.

మరి ఆ తీర్పు ఏమైంది? 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చింది. తీర నియంత్రణ నిబంధనలు రొయ్యల సాగుకి వర్తించవని అందులో రాసేసింది. అదీ ఆ రోజు నుంచి కాదు, 1991 ఫిబ్రవరి 19 నుంచే వర్తించనట్టు, వెనక్కి వెళ్లి మరీ రాసింది. కోర్టు తప్పన్న పనిని చట్టం ఒప్పు చేసింది. 2023లో మళ్లీ సవరించి, ఉల్లంఘనకి జైలు శిక్ష తీసేసి జరిమానాతో సరిపెట్టారు.

సమత తీర్పుని కూడా ఇలాగే తుడిచేయాలని చూశారని మర్చిపోకండి. తుడవలేకపోయారంటే కారణం జడ్జిల మంచితనం కాదు. ఐదో షెడ్యూలు ఉంది, 1/70 ఉంది, వాటి వెనక కొండ మీద జనం ఉన్నారు. తీరానికి ఆ పునాది లేదు. అందుకే ఒక్క చట్టంతో కొట్టుకుపోయింది.

మొగల్తూరుకి దగ్గర్లోనే భీమవరం మండలం తుందుర్రు. అక్కడ ఆక్వా ఫుడ్ పార్కు వద్దని తుందుర్రు, జొన్నలగరువు, కంసాలి బేతపూడి జనం ఏళ్ల తరబడి కొట్లాడారు. గొంతేరు డ్రెయిను నాశనమైపోతుందన్నారు. ఆడవాళ్లు ముందు నిలబడ్డారు. ప్రభుత్వం 144 సెక్షన్ పెట్టింది, పోలీసుల్ని దింపింది, కేసులు పెట్టింది. ఆఖరికి చెప్పిన పరిష్కారం ఏంటంటే, వ్యర్థజలాన్ని పైపులైన్ వేసి సముద్రంలోకి వదులుతారట! సముద్రం ఏమన్నా ఖాళీ జాగానా? బాక్సైట్ కోసం కొండ చూపించి "ఇక్కడెవరూ లేరు" అన్న నోరే ఇదీ. కొండకి గూడెం ఉన్నట్టే సముద్రానికి పల్లెపాలెం ఉంది. పైపు చివర వల వేసుకునే మనిషి ఉన్నాడు.

ఇప్పుడు మనకి చేదుగా ఉండే మాట. ఎన్నికలొస్తే చాలు, మత్స్యకారుల్ని ఎస్టీ జాబితాలో చేరుస్తామని హామీలు పుడతాయి. మనం ఒప్పుకోం. ఒప్పుకోనక్కర్లేదు కూడా. వాళ్లు బీసీ-ఏలో ఉన్నారు, తెగకి ఉండే లక్షణాలు వేరు, ఉన్న కాస్త వాటానే మనకి సరిగ్గా అందట్లేదు. కానీ అక్కడితో ఆగి మత్స్యకారుణ్ణి తిట్టి ఇంటికి పోతే నాయకులు గెలిచినట్టే. వాళ్లు అడగాల్సిన సముద్రాన్ని ఇవ్వకుండా మన పళ్లెం వైపు వేలు చూపిస్తున్నది ఎవరు? 1994 నాటి రాష్ట్ర సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరపడవలు రాకూడదు. అది పడవలకి పెట్టిన నిబంధనే గానీ పల్లెపాలేనికి ఇచ్చిన హక్కు కాదు. ఆఫీసరు కళ్లు మూసుకుంటే ఆ 8 కిలోమీటర్లు లేనట్టే.

హక్కు అంటే ఎలా ఉంటుందో చూడాలంటే ఫిలిప్పీన్స్ వైపు చూడండి. 1998 నాటి వాళ్ల మత్స్య చట్టంలో ఒడ్డు నుంచి 15 కిలోమీటర్ల నీళ్లు ఆ మున్సిపాలిటీవి, అందులో మొదటి హక్కు అక్కడి చిన్న జాలర్లది. పలావాన్ దీవుల్లో కొరాన్ అనే మున్సిపాలిటీ ఉంది. అక్కడి తగ్బన్వా ఆదివాసులు, బయటివాళ్లు డైనమైటుతో, సైనైడుతో చేపలు పడుతుంటే చూడలేక తమ తాతల నీళ్ల మ్యాపు తామే గీసుకున్నారు. 1998లో ప్రభుత్వం వాళ్ల దీవితో పాటు చుట్టూ ఉన్న సముద్రాన్ని కూడా పూర్వీకుల ఆవాసంగా గుర్తించింది. అక్కడేం స్వర్గం లేదు, పెద్ద పడవలతో కొట్లాట ఉంది. కానీ నీళ్లకి కూడా పట్టా ఉండొచ్చని ఆదివాసులే నిరూపించారు.

మనం అడగాల్సిందీ అదే. తీర గ్రామాల్లో కొత్త చెరువుకైనా, ఫ్యాక్టరీకైనా, పైపులైన్‌కైనా గ్రామసభ ఒప్పుకోవాల్సిందే. 8 కిలోమీటర్ల నీళ్లు సంప్రదాయ మత్స్యకారుల సామూహిక హక్కుగా చట్టంలో రాయాలి. గట్ల మీద ఉంటున్న యానాదులకి ఇంటి పట్టా, వేట హక్కు ఇవ్వాలి. మత్స్యకారుడికి మన జాబితాలో సీటు కాదు, తన సొంత 1/70 కావాలి. ఆ మాట మనమే ముందు అందాం. అంటే రేపు కొండ మీదికి బుల్డోజరు వచ్చిన రోజు పల్లెపాలెం మన వెనక నిలబడుతుంది.

జల్, జంగల్, జమీన్ అని రోజూ అంటాం. జంగల్ గురించి, జమీన్ గురించి చాలా కొట్లాడాం. మొదటి మాట జల్. అది మొగల్తూరు దగ్గర సముద్రంలో కలుస్తోంది. ఒకసారి అక్కడిదాకా నడుద్దాం రండి.

నల్లంవారి తోట ఐదుగురికి జోహార్.