పద్యం నేర్పడానికి తరగతులెందుకు?

ముప్పై మంది పిల్లలు, అయిదు తరగతులు, ఒకరో ఇద్దరో ఉపాధ్యాయులు. తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో చిన్న బడుల పరిస్థితి ఇది. ఇలాంటి చోట ప్రాచీన సాహిత్యం చెప్పడం కుదిరే పని కాదని, పాఠ్యపుస్తకంలోని నాలుగు పద్యాలు అప్పజెప్పిస్తే చాలని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. పద్యాన్ని తరగతుల వారీగా కాక మెట్లుగా అమర్చి, ఒక మెట్టు వచ్చినవాళ్లను వచ్చినట్టే పై మెట్టుకు పంపే పద్ధతి చిన్న బడికే బాగా నప్పుతుంది. ఆ మెట్లను మనం కొత్తగా కల్పించనక్కర్లేదు, ఛందస్సులోనే ఉన్నాయి.

గురులఘువులు గుర్తించడం మొదటి మెట్టు. తర్వాత సూర్యగణాలు, అవి రెండే. ఇంద్రగణాలు ఆరు. ఈ ఎనిమిదీ వస్తే ఆటవెలది చేతికందుతుంది: బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు; సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. అంటే వేమన పద్యాల్లో చాలావరకు ఆ పిల్లకు తెరుచుకున్నట్టే. అవే గణాల వరస మారితే తేటగీతి. ప్రాస నియమం, చతుర్మాత్రా గణాలు పట్టుబడితే కందం, దాంతో సుమతీ శతకం. అక్షరగణాలు కూడా వచ్చాక ఉత్పలమాల, చంపకమాల. అక్కడి నుంచి దాశరథీ శతకానికి, పోతన భాగవతానికి దారి ఉంది. ఇంకో మేలు కూడా ఉంది. పద్యం రాసుకుంటూ ఒక అక్షరం వదిలేస్తే గణం చెడుతుంది, యతి తప్పుతుంది. ఉపాధ్యాయుడు వేరే పిల్లల దగ్గర కూర్చున్నా, ఎక్కడో పొరపాటు జరిగిందని పద్యమే చెబుతుంది. స్వయంగా నేర్చుకునేవాళ్లకు ఇంత నమ్మకమైన తోడు మరే పాఠంలో దొరుకుతుంది?

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. 1823లో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని 533 దేశీయ బడుల గురించి నివేదిక పంపాడు. వాటిలో తెలుగు బడులు 226. పిల్లలను వయసును బట్టి కాక వచ్చిన చదువును బట్టి జట్లుగా విడదీసేవారని, ముందున్నవాళ్లు కింది జట్లకు నేర్పేవారని, పై జట్లను పంతులు స్వయంగా చూసుకునేవాడని అందులో ఉంది. మన కాలంలో మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం చిన్న పల్లె బడుల కోసం ఇదే సూత్రాన్ని కార్డులతో, అభ్యసన నిచ్చెనతో పకడ్బందీగా రూపొందించింది. కర్ణాటకలో నలి కలి, తమిళనాడులో కృత్యాధార బోధన దాని స్ఫూర్తితో వచ్చినవే. అక్కడ ప్రాథమిక భాషకూ లెక్కలకూ కుదిరిన క్రమం పద్యానికి కుదరదనడానికి నాకు కారణం కనిపించడం లేదు.

అభ్యంతరాలు లేకపోలేదు, అందులో బలమైనది క్యాంప్‌బెల్ చెప్పిందే. అర్థం తెలియని పద్యాలను పిల్లలు చిలకల్లా వల్లిస్తున్నారని ఆయన అదే నివేదికలో విమర్శించాడు. అది నిజమైన లోపం. కాబట్టి పద్యం అప్పజెప్పడంతోనే మెట్టు దాటినట్టు కాకూడదు. భావాన్ని సొంత మాటల్లో తనకంటే చిన్నవాళ్లకు చెప్పగలగాలి. రెండోది, ఆ బడులు అందరివీ కావు. బళ్లారి లెక్కలో 6,641 మంది విద్యార్థులుంటే బాలికలు 60 మందే. పాత పద్ధతిని తెచ్చుకుంటూ ఆ వెలివేతనూ వెంట తెచ్చుకోలేం. మొల్ల రామాయణం, జాషువా గబ్బిలం ఈ క్రమంలో పోతనతో సమానంగా ఉండి తీరాలి, చివర్లో చేర్చిన అనుబంధంగా కాదు.

నెమ్మదిగా నేర్చేవాళ్లు కింది మెట్టు మీదే ఉండిపోతారన్న భయం కూడా సబబైనదే. అయితే ఏటా పై తరగతికి వెళ్లిపోయే పిల్లవాడికి గురులఘువులే రాలేదన్న సంగతి ఇప్పుడు ఎవరి కంటా పడదు. మెట్ల పద్ధతిలో అది వెంటనే తెలుస్తుంది. ప్రతి మెట్టుకూ పది పన్నెండు వేర్వేరు పద్యాలు సిద్ధంగా ఉంచాలి. రెండు వారాలు ఒకే మెట్టు దగ్గర ఆగినవాళ్లకు అదే పద్యం మళ్లీ రుద్దకుండా మరో పద్యం ఇచ్చి, ఉపాధ్యాయుడు ముందుగా వాళ్ల పక్కనే కూర్చోవాలి. చకచకా ఎక్కేవాళ్లను పెద్ద పిల్లలు చూసుకోగలరు.