దుప్పట్లు పంచి ఫొటో దిగితె సేవ అయిపోయినట్టేనా?

నవంబర్ 30 వస్తున్నది. ఇక్కడ యూఏఈల అమరవీరుల దినం. ప్రతి ఏడు మన గ్రూపులల్ల రెండే రకాలు. ఒకరు "వాళ్ల సిపాయిలు, వాళ్ల దేశం, మనకేం సంబంధం" అంటరు. ఇంకొకరు బ్యానర్ కట్టి, నాలుగు దుప్పట్లు పంచి, నలభై ఫొటోలు పెడతరు. ఇద్దరిదీ తప్పే అంటున్న. కోపం వస్తె రానియ్యండి.

మొదటి వాళ్లకు చెప్తున్న. 1971 నవంబర్ 30న గ్రేటర్ టన్బ్ దీవిని కాపాడుకుంట సాలెం సుహైల్ అనే పోలీసు ప్రాణం ఇచ్చిండు. రెండు రోజులకు, డిసెంబర్ 2న, ఈ దేశం పుట్టింది. ఈ గడ్డ మీద పని చేసే మన ఇండ్లల్ల పొయ్యి వెలుగుతున్నది. ఒక్క నిమిషం మౌనంగ నిలబడితె మన సొమ్మేం పోదు.

ఇగ రెండో వాళ్లకు. ఈ దేశం ఒక్క నిమిషంతోని చేతులు దులుపుకోలేదు. అబుదాబిల వాహత్ అల్ కరామా కట్టింది. అమరుల కుటుంబాలను చూసుకునేటందుకు 2015లనే ఒక ఆఫీసు పెట్టింది. యాది చేసుకునుడంటె గట్లుండాలె. మరి మనం? పక్క బెడ్డు మీద పండుకొని పొద్దున లేవని మనిషి పేరు ఎంతమందికి యాదికున్నది? పెట్టె విమానం ఎక్కేదాకనే మన సేవ. తర్వాత ఆయన భార్య ఫోన్ చేస్తె ఎత్తేటోడు లేడు.

సేవ చెయ్యాలనుంటె పని చాలా ఉంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375. ప్రమాదంల పోతె ఇంటికి 10 లక్షలు. వచ్చేటప్పుడు ఏజెంటు కట్టిండు, గడువు దాటింది, మళ్లీ కట్టినోళ్లు రూముకు ఒక్కరన్న ఉన్నరా? 2023 డిసెంబర్ 7 నుంచి గల్ఫ్‌ల చనిపోయిన తెలంగాణ వాళ్ల కుటుంబాలకు సర్కారు 5 లక్షలు ఇస్తమన్నది. కాయితాలు పెట్టరాక ఊర్లె ముసలి తల్లి ఆఫీసుల చుట్టు తిరుగుతుంటది. ఆ దరఖాస్తు నింపిచ్చుడు సేవ.

చందాలు మాత్రం వసూలు చెయ్యకుండ్రి, అనుమతి లేకుంటె ఇక్కడ అది నేరం. రక్తం ఇయ్యండి, కెమెరా లేకుంట ఇయ్యండి.

ఈ 30న నిమిషం మౌనం అయినంక మీ రూముల ఒక్కొక్కరి బీమా కాయితం తీసి తారీకు చూడండి. ఎంతమందిది గడువు దాటిందో కింద రాయండి. ఫొటోలు పెట్టకుండ్రి, లెక్క పెట్టండి.