వడ్లు బియ్యమగు దారిలో యంత్రముల పొత్తు

కర్నూలు–కడప కాలువ క్రింద సేద్యము చేయు రైతుకు ఒక సంగతి ఎవరును చెప్పనక్కరలేదు. సుంకేసుల వద్ద ఎంత నిండుగా నీరు వదలినను, నడుమ ఒకచోట పూడిక పేరుకొన్నచో చివరి భూములకు తడి అందదు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల రైసు మిల్లులకును ఇదే న్యాయము వర్తించును. మిల్లులోని యంత్రములు ఒకదాని వెనుక ఒకటి నిలిచి పనిచేయును. వానిలో బలహీనమైన యంత్రము ఎంత పని చేయగలదో, మిల్లు అంతయు అంతే పని చేయగలదు. ఈ సంగతి మిల్లు యజమానికి మాత్రమే తెలిసిన చాలదు. వడ్లు పండించు రైతును, కొనుగోలు చూచు గ్రామోద్యోగియు తెలిసికొనవలెను. ఏలన, మిల్లులో విరిగిన గింజ వెల చివరకు వడ్ల ధరలోనే తగ్గును.

పూర్వము మన ఇండ్లలో వడ్లు దంచునపుడు రోలు, రోకలి, చేట, జల్లెడ అన్నియు వరుసగా పనిచేసెడివి. దంచినది చెరుగుట, చెరిగినది జల్లించుట, మెరికలు ఏరి మరల రోటిలో వేయుట అనునది ఆడువారికి వెన్నతో పెట్టిన విద్య. తరువాత వచ్చిన హల్లరు ఈ పనులన్నిటిని ఒకే గొట్టములో ఒకేసారి చేయబూనినది. పొట్టు ఊడుటయు, తవుడు పోవుటయు ఒకే రాపిడిలో జరుగుటవలన బియ్యము నుగ్గయ్యెడిది. ఊక తవుడుతో కలిసిపోయి, ఆ తవుడు నూనె తీయుటకు పనికిరాకుండెడిది. 1958లో కేంద్ర ప్రభుత్వము రైసు మిల్లుల నియంత్రణ చట్టము చేసి, మిల్లులకు లైసెన్సు విధించినది. ఆ చట్టము 1997లో రద్దయినది. నేడు ఏ యంత్రము పెట్టవలెనో నిర్ణయించుట యజమాని వివేకమునకే వదలబడియున్నది.

నేటి మిల్లులో వరుస ఇట్లుండును. మొదట శుభ్రపరచు జల్లెడ తాలును, గడ్డిని, మట్టిని తీసివేయును. రాళ్లు వేరుచేయు డీస్టోనరు బరువు తేడానుబట్టి రాతిని పట్టుకొనును. అటుపిమ్మట వడ్లు రబ్బరు రోలర్ల నడుమకు పోవును. ఈ రెండు రోలర్లు ఎదురెదురుగా వేరువేరు వేగములతో తిరుగును. ఆ వేగముల తేడావలననే గింజ నలగకుండ పొట్టు ఊడును. రబ్బరు అరిగిన కొలది ఈ తేడా తగ్గి, పొట్టు ఊడుట మందగించును. తరువాత గాలి యంత్రము ఊకను లాగివేయును. ఆపైన సెపరేటరు ముడిబియ్యమునుండి మెరికలను వేరుచేసి, వానిని మరల రోలర్లకు పంపును. మెరికలు లేని ముడిబియ్యము పాలిషు యంత్రములకు పోయి, తవుడు వదలి తెల్లబడును. చివర గ్రేడరు నూకను వేరుచేయును. కలరు సార్టరు రంగు మారిన గింజలను గాలి దెబ్బతో తీసివేయును.

ఇందులో కీలకమైన పొత్తు రోలర్లకును సెపరేటరుకును మధ్యనున్నది. తెలివిగల మిల్లువాడు మొదటి దఫాలోనే నూటికి నూరు గింజల పొట్టు ఊడదీయబోడు. 85 మొదలు 90 వరకు ఊడిన చాలును. మిగిలినవి సెపరేటరు తిరిగి పంపును. సెపరేటరు పాడైనను, చిన్నదైనను, ఆపరేటరు మెరికల భయముతో రోలర్లను బిగించును. బిగించిన కొలది గింజ విరుగును. అప్పటికిని మెరికలు మిగిలి పాలిషు యంత్రములోకి పోవును. వానిని కూడ తెల్లబరచుటకు అక్కడ ఒత్తిడి పెంచుదురు. మరికొంత బియ్యము నూకయగును. దోషము సెపరేటరుది, శిక్ష బియ్యమునకు!

యంత్రముల సామర్థ్యములు కూడ ఒకదానికొకటి సరిపోవలెను. గంటకు 4 టన్నుల వడ్లు పట్టు రోలర్లనుండి సుమారు 3 టన్నులకు పైగా ముడిబియ్యము వచ్చును. పాలిషు యంత్రము రెండు టన్నులకు మాత్రమే సరిపోవునదైనచో, మిగిలినది కుక్కి నడపవలసివచ్చును. రెండు మూడు దఫాలుగా కొంచెము కొంచెముగా తీయవలసిన తవుడును ఒకే దఫాలో తీయబోయిన బియ్యము వేడెక్కి పగులును. కొందరు యజమానులు ఈ లోపములను అట్లే ఉంచి, ముందు కలరు సార్టరు కొందురు. అది రంగు చూడగలదు గాని విరిగిన గింజను అతుకలేదు. మంచి సెపరేటరు, సకాలమున మార్చిన రబ్బరు రోలర్లు, చాలినన్ని పాలిషు యంత్రములు ఉన్న పిమ్మటనే మెరుగులకు డబ్బు పెట్టుట న్యాయమని నా దృఢాభిప్రాయము.

మన ప్రాంతమునకు ఈ మాట మరింత ముఖ్యము. కాలువల క్రింద మనము ఎక్కువగా పండించునది సన్నరకము. బాపట్లలో రూపొంది 1986లో విడుదలయిన సాంబ మసూరి, అనగా బి.పి.టి. 5204, మన రైతునకు ఇంటి చుట్టము వంటిది. కర్నూలు సోనా అను పేరుతో బయటి ఊళ్లవారు కొనునది సన్నని, నిండైన గింజను చూచియే. సన్నగింజ విరిగినచో ఆ పేరుకు విలువ లేదు.

లెక్క చూడుడు. క్వింటాలు వడ్లలో సుమారు 20 కిలోలు ఊకగా పోవును. ప్రభుత్వము తరఫున ధాన్యము మరపట్టువారు క్వింటాలుకు 67 కిలోల పచ్చిబియ్యము ఇయ్యవలెనని నియమము. కాని ఆ 67లో నిండు గింజ ఎంత, నూక ఎంత అనునదే అసలు ప్రశ్న. ఒక మిల్లులో నిండు బియ్యము 55 కిలోలు, వేరొకచోట 45 కిలోలు వచ్చెననుకొందము. బియ్యమునకును నూకకును కిలోకు 20 రూపాయల తేడా ఉన్నదనుకొన్నను, క్వింటాలుకు 200 రూపాయలు పోయినవి. నూరు క్వింటాళ్లపై అది 20,000 రూపాయలు!

అయితే నేరమంతయు మిల్లుదే అనుట ధర్మము కాదు. ఈ వరుసలో మొదటి యంత్రము మిల్లులో లేదు. మన పొలములోనే ఉన్నది. కోత యంత్రము మితిమీరిన వేగముతో నూర్చినచో గింజలోపల కంటికి కనబడని పగుళ్లు ఏర్పడును. రెండవది కళ్లము. పచ్చి వడ్లను తారురోడ్డుపై మండుటెండలో పలుచగా పరచి ఒక్కపూటలో ఎండబెట్టినను, ఎండిన వడ్లను రాత్రి మంచుకు వదలినను గింజ చిట్లును. అట్టి గింజను ఎంత గొప్ప మిల్లును నిండుగా ఇయ్యజాలదు. వడ్లను టార్పాలినుపై రెండు మొదలు నాలుగు సెంటీమీటర్ల మందమున పరచి, తరచు తిరుగదిప్పి, సాయంకాలము కప్పియుంచవలెను. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతము మించరాదు. మరపట్టుటకు మాత్రము 14 శాతము శ్రేష్ఠము. రెండు రకముల వడ్లను కలుపరాదు. లావు గింజకు అమర్చిన రోలరు సన్నగింజ పొట్టు ఊడ్చలేదు. సన్నగింజకు బిగించినది లావు గింజను విరుచును.

గ్రామ వ్యవసాయోద్యోగులకు ఒక మనవి. తేమ కొలుచు మీటరును ధర తగ్గించు సాధనముగా గాక, రైతునకు దారి చూపు దీపముగా వాడుడు. కోతకు ముందే కళ్లమునకు వచ్చి కొలిచి చెప్పినచో, కొనుగోలు రోజున తగవు ఉండదు. ప్రతి గ్రామమునందు పదిమంది రైతులు కలిసి, ఒకే రకము వడ్లను సరిగా ఎండబెట్టి, ఒక్కొక్క క్వింటాలు చొప్పున రెండు మూడు మిల్లులలో తమ ఎదుటనే పట్టించుడు. నిండు బియ్యము, నూక, తవుడు, మెరికలు వేరువేరుగా తూచి, ఆ లెక్క ఊరిలో అందరకు కనబడునట్లు వ్రాసిపెట్టుడు. ఏ మిల్లులో యంత్రములు పొత్తు కుదిరి పనిచేయుచున్నవో ఆ తూకమే చెప్పును.

రైతు తన వడ్ల నాణ్యము తాను తెలిసి బేరమాడిననాడు మిల్లు యజమానియు తన సెపరేటరు సంగతి చూచుకొనును. ఇరువురకును లాభము ఆ నిండు గింజలోనే ఉన్నది. రానున్న కోతలోనే ఈ పని మొదలుపెట్టుడు.