నిండు జీవితం

హాస్టల్లో రాత్రి పదకొండు దాటితే చాలు, "అసలు జీవితానికి అర్థమేమిటి?" అన్న చర్చ తప్పకుండా లేస్తుంది. గ్లాసులో టీ చల్లారేలోగా తలా ఒక జవాబు చెప్పేస్తాం. ఒకడికి గ్రూప్ వన్ ఉద్యోగం, ఒకడికి అమెరికా, మరొకడికి విప్లవం. నా వంతు వచ్చినప్పుడల్లా "క్రీస్తు విశ్వాసం" అనేవాణ్ణి. అనడమే గాని ఆలోచించి అన్నది కాదు. పుట్టుకతో వచ్చిన విశ్వాసాన్ని ఇంటిపేరులా వాడుకున్నాను, అంతే.

కిందటేడు ఒక పోటీ పరీక్షలో తప్పాను. ఇంటికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. అప్పుచేసి చదివిస్తున్న నాన్న, "పోనీలేరా, మళ్ళీ రాద్దువుగాని" అన్నాడు. తిట్టినా బాగుండును! జాబితాలో నా నంబరు లేకపోతే ఈ లోకంలో నాకు చోటు లేనట్టేనా? ఆ ప్రశ్న నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు.

ఆ రోజుల్లోనే డాక్టర్ మేరీ వర్గీస్ గురించి చదివాను. ఆమె 1925లో కేరళలో పుట్టారు. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో చదివి డాక్టరయ్యారు. 1954లో జరిగిన రోడ్డు ప్రమాదంలో వెన్నుకు దెబ్బతగిలి రెండు కాళ్ళూ పడిపోయాయి. అప్పటికి ఆమెకు నిండా ముప్పయ్యేళ్ళు లేవు. ఆ తర్వాత ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే, కుష్ఠువ్యాధితో వంకరపోయిన చేతులకు ఆపరేషన్లు చేశారు. విదేశాల్లో పునరావాస వైద్యం చదివి వచ్చి, వేలూరులోనే ఆ విభాగాన్ని నడిపారు. 1972లో పద్మశ్రీ అందుకుని, 1986లో కన్నుమూశారు.

ఆమె ప్రార్థనాపరురాలే. అయినా ఆమె కాళ్ళు తిరిగి రాలేదు! ఏదో అద్భుతం జరిగి లేచి నడిచిందని రాసి ఉంటే ఆ కథ నన్ను ఇంతగా పట్టేది కాదు. విశ్వాసం ఆమెకు పోయినదాన్ని తెచ్చి ఇవ్వలేదు. మిగిలినదానితో బతకడానికి ధైర్యమిచ్చింది. నడవలేని మనిషి, పట్టు తప్పిన చేతులకు పట్టు తెచ్చింది. నిండు జీవితమంటే ఇది కాక మరేమిటి?

మనుషులకు సమృద్ధియైన జీవం ఇవ్వడానికే తాను వచ్చానని క్రీస్తు చెప్పినట్టు యోహాను సువార్త పదో అధ్యాయంలో ఉంది. ఆ సమృద్ధిని నేను ఇన్నాళ్ళూ మార్కులుగా, జీతంగా లెక్కవేసుకున్నాను. ఆ వెంటనే ఆయన గొర్రెల కోసం ప్రాణం పెట్టే కాపరి గురించి మాట్లాడాడన్న సంగతి మాత్రం గమనించలేదు. కూడబెట్టుకున్నది కాదు, పంచిపెట్టినదే సమృద్ధి అని అప్పుడు తెలిసింది.

నా రూమ్మేటు మార్క్సిస్టు. "దేవుణ్ణి నమ్మనివాళ్ళు సేవ చెయ్యడం లేదా?" అని అడిగాడు. ఎందుకు చెయ్యరు! నాకంటే ఎక్కువే చేస్తున్నారు. వారికి నా నమస్కారం. నేను చెప్పేది నాకు దొరికిన దాని గురించే. గెలిచినా తప్పినా నన్ను ప్రేమించేవాడొకడున్నాడన్న నమ్మకం నా భుజాల మీది బరువు దింపింది. అప్పుడుగాని పక్కవాడి బరువు నా కంటబడలేదు.

"మరి ఒకే బల్ల దగ్గర ప్రభుభోజనం తీసుకుని, పెళ్ళి సంబంధం దగ్గర కులం అడుగుతారేం?" అని కూడా అడిగాడు. దానికి తల వంచుకోవడం తప్ప నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు మాటలతో చెప్పేది కాదు, రేపు నా పెళ్ళినాడు నేను చేసి చూపించవలసింది.

మా మెస్సులో పనిచేసే కుర్రాడు ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టాడు. సాయంత్రాలు వాడికి లెక్కలు చెబుతున్నాను. నా పరీక్షా మళ్ళీ దగ్గరపడింది. నెగ్గుతానో లేదో తెలియదు. కాని మిత్రులారా, ఈసారి ఫలితం ఏదైనా నేను ఇంటికి వెళ్ళగలను. నాన్న ఎదుట నిలబడగలను.